చెవికి నంబరుంది, సంతకు లెక్క లేదు

గేదె చెవికి పసుపు బిళ్ల వేసి 12 అంకెల నంబరు ఇచ్చేస్తే రోగం ఆచూకీ దొరికిపోతుందని ప్రభుత్వాలు గట్టిగా నమ్ముతున్నాయి. పశువుల నోట్లో, గిట్టల దగ్గర పుండ్లు పుట్టించే అంటురోగం గాలికుంటు. 2019లో మొదలైన దాని నివారణ కార్యక్రమం, 13 వేల కోట్ల పైచిలుకు కేటాయింపు, పశువుల వివరాలు ఎక్కించే భారత్ పశుధన్ యాప్, ఇవన్నీ పాడి రైతులకు తెలిసినవే. నా గొడవ ఒక్కటే. ఆ నంబరు అది ఏ పశువో చెబుతుంది గానీ, పోయిన వారం అది ఎక్కడుందో చెప్పదు.

గాలికుంటు సోకిన పశువు నోట్లో పుండ్లు కనపడకముందే వైరస్‌ను వదులుతుంది. సరిగ్గా ఆ రోజే దాన్ని సంతకు తోలుకెళ్తే, పక్కన నిలబడ్డ పశువులన్నీ సాయంత్రానికి తలో ఊరూ చేరిపోతాయి. ఎవరు కొన్నారు, ఏ దొడ్డికి వెళ్లింది? ఆ సంగతి దళారికి తప్ప ఎవరికీ తెలీదు.

బ్రిటన్‌లో 2001లో జరిగింది ఇదే. ఆవులకు అప్పటికే రాకపోకలు రాసే పాస్‌పోర్టులున్నాయి, గొర్రెలకు మాత్రం విడివిడిగా నంబర్లు లేవు. రోగం బయటపడేసరికే గొర్రెలు సంతల మీదుగా దేశమంతా వెళ్లిపోయాయి, చివరికి 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సొచ్చింది. గొర్రెల్లో గాలికుంటు లక్షణాలు సరిగ్గా బయటపడవు కూడా. 2019 గణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది, ఆంధ్ర రెండోది, కాబట్టి ఇది మనం వేరే దేశం కథలా చదివి వదిలేసేది కాదు. 2017లో మొదలైన తెలంగాణ గొర్రెల పంపిణీలో జీవాలను బైకులపైన, అంబులెన్సుల్లో తరలించినట్టు రికార్డుల్లో ఉందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది. అలాంటి నమ్మలేని రికార్డులు పట్టుకుని రేపు రోగం ఎక్కడ మొదలైందో ఎలా వెతుకుతారు?

రెండు గేదెలున్న రైతు ప్రతి అమ్మకాన్నీ యాప్‌లో ఎక్కించలేడని కొందరంటారు. నిజమే, ఎక్కించలేడు. అసలు ఆ పని అతనికెందుకు? సంత గేటు దగ్గర ఆశీలు వసూలు చేసేవాళ్లు డబ్బులు తీసుకోకుండా పశువును వదలరు కదా, ఆ రసీదు మీదే ట్యాగ్ నంబరు, అమ్మినవాడి ఊరు, కొన్నవాడి ఊరు రాయమనండి. దొడ్డికీ గొర్రెల మందకీ ఒక నంబరివ్వండి. వేలం పాటలో సంతను పాడుకున్న కాంట్రాక్టరు లైసెన్సుకు ఈ షరతు పెట్టడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

అసలు చిక్కు నమ్మకంతోనే. అంటురోగం కనపడితే యజమాని చెప్పి తీరాలని 2009 చట్టం అంటోంది. చెబితే సంత మూస్తారు, పాలు కొనేవాడు వెనకాడతాడు, నష్టమంతా చెప్పినవాడిదే. మన ప్రభుత్వాలు రైతును ఎప్పుడూ ఇలాగే చూశాయి, వివరాలు అడిగేటప్పుడు పౌరుడు, డబ్బులిచ్చేటప్పుడు అనుమానితుడు. బర్డ్ ఫ్లూ విషయంలో కాస్త నయం, అధికారులు చంపించిన కోళ్లకు పరిహారం ఉంటుంది, అప్పటికే చచ్చినవాటికి ఉండదు, అందుకే త్వరగా చెప్పినవాడికే లాభం. 2022లో ముద్దచర్మ వ్యాధితో చనిపోయిన పాడి ఆవుకు మహారాష్ట్ర 30 వేలు ప్రకటించింది. మన రెండు రాష్ట్రాలూ ట్యాగ్ ఉన్న ప్రతి పశువుకూ అలాంటి హామీ ముందే, జీవో రూపంలో ఇవ్వాలి, రోగం వచ్చాక కాదు.