ఆల్ట్ పెట్టేశాం అంటే సరిపోతుందా?

వెబ్ పేజీలో పెట్టే ప్రతి బొమ్మ వెనకా కోడ్‌లో రాసే మాట ఆల్ట్. చాలామంది డెవలపర్లకు అది నింపి పారేయాల్సిన ఒక గడి. చెకింగ్ టూల్ తప్పు చూపిస్తుంది కాబట్టి "ఇమేజ్" అనో, "బ్యానర్ 1" అనో రాస్తారు. ఇంకా తెలివైనవాళ్లు గూగుల్ కోసం పది కీవర్డులు కుక్కుతారు. టూల్ నోరు మూసుకుంటుంది, బిల్లు పాసవుతుంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 4 ఆల్ట్‌ను తప్పనిసరి చేసింది 1997లో. ఇన్నేళ్లలో మనవాళ్లకు బాగా అబ్బింది తప్పించుకునే విద్యే.

బొమ్మ కనబడనివారికి దాని బదులు వినబడాల్సిన మాట ఆల్ట్. భూతద్దం గుర్తున్న బటన్‌కు "భూతద్దం" అని రాస్తే ఏం లాభం? "వెతకండి" అనాలి. పేజీ పైన అందానికి పెట్టిన మామిడి తోరణానికి ఖాళీ ఆల్ట్ ఇస్తే చాలు, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాటేస్తుంది. ఖాళీగా ఇవ్వడం వేరు, అసలు రాయకపోవడం వేరు. రాయకపోతే కొన్ని రీడర్లు ఫైలు పేరును అంకెలతో సహా చదువుతాయి. ఇక మౌస్ పెడితే కనబడే టైటిల్‌నే ఆల్ట్ అనుకునేవారు సరేసరి. పాత ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ మౌస్ పెడితే ఆల్ట్‌ను చూపించేది. ఆ అలవాటు ఇంకా వదల్లేదు.

ఏఐ వచ్చిందిగా, అదే వర్ణిస్తుందంటారు. వర్ణిస్తుంది, బాగానే. ఆ బొమ్మను అక్కడ ఎందుకు పెట్టారో మాత్రం పెట్టినవాళ్లే చెప్పాలి.

నా అసలు కోపం వేరే. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగు సంఘాల ఆహ్వానాలు చూడండి. డీటీపీ సెంటర్‌లో అను అనే పాత ఫాంట్లలో కొట్టించి, జేపీజీ చేసి, వాట్సాప్‌కీ వెబ్‌సైట్‌కీ అదే ఎక్కిస్తారు. తేదీ, వేదిక, ఫోన్ నంబరు అన్నీ బొమ్మలోనే. ఆల్ట్‌లో "ఇన్విటేషన్". ఏ ఫోనైనా అక్షరంగా గుర్తుపట్టే ప్రమాణం యూనికోడ్‌లో తెలుగు చేరింది 1991లో! ఒడిశాలో తెలుగు అంతరించిపోతోందని వేదికలెక్కి వాపోయే పెద్దలే చూపులేని తెలుగువారికి ఆ తెలుగు అందకుండా చేస్తున్నారు. వాళ్లకేనా? ఒడియా, ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అక్షరాలు రాని పిల్లలెందరో. వాళ్లకూ ఫోను చదివి వినిపించే తెలుగే దిక్కు. బొమ్మలో అచ్చయిన అక్షరాన్ని ఫోను తనంతట తాను చదువుతుందన్న భరోసా లేదు. పైగా పేజీ కోడ్‌లో భాషను ఇంగ్లిష్ అని వదిలేస్తే, ఉన్న నాలుగు తెలుగు ముక్కలకూ తెలుగు గొంతు పలకకపోవచ్చు.

డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉగాది పిలుపుకు కోర్టుదాకా ఎందుకు? కార్డు ఎంత ముచ్చటగానైనా వేయించుకోండి. కింద అవే నాలుగు వరుసలు యూనికోడ్‌లో టైపు చేయించండి. ఆల్ట్‌లో "ఉగాది సభ ఆహ్వానం, వివరాలు కింద" అని పెట్టించండి. డీటీపీ కుర్రాడు ఇంకో యాభై అడిగితే బేరమాడకుండా ఇచ్చేయండి.