డబ్బా కార్లు అన్న మా బావగారికి

మా మేనల్లుడికి పదమూడేళ్ళు. హైదరాబాద్‌లో గో-కార్టింగ్ చేస్తాడు. సెలవులొస్తే చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌లకి తిప్పుతారు. పోయిన ఆదివారం ఫోన్‌లో మా బావగారు "వీడు ఎఫ్ వన్‌కి వెళ్ళాలంటే ఇంకెన్నేళ్ళు పడుతుంది బామ్మర్దీ?" అని అడిగారు. నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నాను కాబట్టి ఆ ఫార్ములా వన్ టీముల వాళ్ళంతా మా పక్కింట్లో ఉంటారని ఆయన నమ్మకం. నోరు ఊరుకోక "ఎఫ్ వన్ ఒక్కటే ఎందుకు బావగారూ, టూరింగ్ కార్ల వైపు కూడా చూడండి" అన్నాను. "ఏవీ, ఆ డబ్బా కార్లా? ఎఫ్ వన్ రానివాళ్ళు చేరే చోటు కదా అది" అన్నారు. అక్క స్పీకర్‌లో వింటోంది. ఏమీ అనలేక ఊరుకున్నాను. అందుకే ఈ పోస్ట్.

ముందు డబ్బా సంగతి చూద్దాం. టూరింగ్ కారు అంటే చూడ్డానికి మనం రోడ్డు మీద నడిపే కారే. తలుపులుంటాయి, డిక్కీ ఉంటుంది. లోపల సీట్లు పీకేసి ఇనప గొట్టాల పంజరం బిగిస్తారు, రెండు లీటర్ల టర్బో ఇంజను పెడతారు. బ్రిటన్‌లో ఈ పోటీ 1958 నుంచి నడుస్తోంది. ఇప్పుడు బీటీసీసీ, అంటే బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్, అంటారు. 2017లో దాన్ని గెలిచిన కారు ఏంటో తెలుసా? సుబారు లెవోర్గ్. ఎస్టేట్ కారండీ! వెనక నాలుగు సూట్‌కేసులు, ఒక కుక్కపిల్లని వేసుకుని అత్తారింటికి వెళ్ళే బాపతు కారు. దాన్ని నడిపి ఛాంపియన్ అయిన కుర్రాడి పేరు ఆష్ సటన్. వయసు 23. 1966లో ఫోర్డ్ ఆంగ్లియాతో గెలిచిన జాన్ ఫిట్జ్‌పాట్రిక్ తర్వాత అంత చిన్న వయసు ఛాంపియన్ మళ్ళీ రాలేదు. మధ్యలో యాభై ఏళ్ళు గడిచాయి.

సటన్ ఎలా వచ్చాడో చూడండి. 2015లో రెనో క్లియో కప్ గెలిచాడు. అందరూ ఒకే రకం చిన్న కార్లు నడిపే పోటీ అది. కాబట్టి కారు బాగాలేదనే సాకు అక్కడ చెల్లదు. మరుసటి ఏడాది బీటీసీసీలో ఎంజీ కారు. ఆ మరుసటి ఏడాదే లెవోర్గ్‌తో టైటిల్. తర్వాత రెండేళ్ళు టైటిల్ లేదు. 2020, 2021ల్లో ఇన్ఫినిటీ క్యూ50తో వరసగా రెండు. ఈ మూడు టైటిళ్ళూ వెనక చక్రాలు తోసే కార్లతో వచ్చినవే. "ముందు చక్రాలు లాగే కారు ఇస్తే తెలుస్తుంది" అని గొణిగినవాళ్ళున్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2023లో ఫోర్డ్ ఫోకస్‌తో నాలుగోది కొట్టి మా నోళ్ళు మూయించాడు. నాలుగు టైటిళ్ళు, మూడు కంపెనీల కార్లు, రెండు రకాల డ్రైవింగ్. ఇది ఓడిపోయినవాడి బయోడేటాలా ఉందా బావగారూ?

అసలు ఈ పోటీ మజా ఎక్కడుందో చెప్తాను. లెవోర్గ్ గెలిచిన రోజుల్లో ఏడాదికి పది వారాంతాలు, ఆదివారం ఒక్కరోజే మూడు రేసులు. మొదటి రేసు గెలిచారా, శభాష్, ఇదిగో బహుమతి అని కారులో సీసపు దిమ్మలు పెట్టేవాళ్ళు. 75 కిలోలు! పక్క సీట్లో ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టుకుని రెండో రేసు పరిగెత్తినట్టు. బ్రేక్ ముందుగా నొక్కాలి, టైర్లు తొందరగా అరుగుతాయి, వెనకవాడేమో తేలిగ్గా మీదికొస్తుంటాడు. ఇక మూడో రేసుకి చీటీ తీసి, రెండో రేసులో ముందొచ్చినవాళ్ళని తలకిందులు చేసి నిలబెడతారు. గెలిచినవాడు ఆరో స్థానంలోనో ఇంకా వెనకో తేలతాడు. సీసం తర్వాత తీసేశారు. ఇప్పుడు ముందున్నవాళ్ళకి అదనపు పవర్ వాడుకునే అవకాశం తగ్గిస్తారు. వేషం మారింది, వేధింపు అదే.

గెలుపుకి 20 పాయింట్లు, ఆరో స్థానానికి 10. ఈ లెక్క వంటబట్టినవాడే ఛాంపియన్ అవుతాడు. బరువు మోస్తూ, అటూ ఇటూ తలుపులకి దెబ్బలు తింటూ, తొమ్మిదో స్థానంలోకి జారిపోవాల్సిన కారుని ఆరో స్థానంలో ఇంటికి తెచ్చేవాడు. ఫార్ములా కారుకి చక్రాలు బయటికి ఉంటాయి, పక్కవాడి చక్రానికి తగిలితే కథ కంచికే. ఇక్కడ తగలడం రోజువారీ వ్యవహారం. ఎంత తగిలితే స్టూవర్డ్ (రేసులో తప్పొప్పులు తేల్చేవాడు) పిలుస్తాడో, ఎంత తగిలితే "రేసింగ్‌లో మామూలే" అంటాడో ఆ గీత చేతికి తెలియాలి. ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు ఆ గీత మీద గంటకి 200 కిలోమీటర్ల వేగంతో నడుస్తారు.

బ్రాండ్స్ హ్యాచ్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు నాకూ ఇది డబ్బా రేసే అనిపించింది, అబద్ధం ఎందుకు. కెంట్‌లో ఉంటుంది ఆ ట్రాక్. ఇండీ లేఅవుట్ ఎంత చిన్నదంటే ల్యాప్ యాభై సెకన్లలో అయిపోతుంది. గడ్డి గట్టు మీద గొడుగేసుకుని, పులిహోర తింటూ కూర్చుంటే దాదాపు ట్రాకంతా కనపడుతుంది. పాడక్ హిల్ మలుపు దగ్గర రోడ్డు ఒక్కసారిగా నూతిలోకి దిగినట్టు కిందికి పోతుంది. టీవీలో ఆ పల్లం అస్సలు తెలీదు. ఇరవై పైచిలుకు కార్లు ఒకదాని వెనక ఒకటి ఆ నూతిలోకి దూకుతుంటే చేతిలో పులిహోర చేతిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం పిట్ లేన్‌లోకి జనాన్ని వదులుతారు. ఒక కుర్ర డ్రైవర్, రేస్ సూట్ పైభాగం విప్పి చేతులు నడుముకి కట్టుకుని, వంగి ఒక పిల్లాడి టోపీ మీద సంతకం పెడుతున్నాడు. వెనక గరాజ్‌లో అతని కారు తలుపు సొట్టని మెకానిక్ రబ్బరు సుత్తితో కొడుతున్నాడు. దెబ్బ పడ్డ ప్రతిసారీ ఆ కుర్రాడి కళ్ళు ఒక్క క్షణం వెనక్కి పోయి వస్తున్నాయి. ముఖంలో నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. అతని మెడ దగ్గర్నుంచి మోచేతి దాకా స్పాన్సర్ల పేర్లే. ఆ పేర్లున్నంతవరకే సీటు.

ఇక్కడ మాత్రం బావగారి పక్షాన ఒక మాట చెప్పాలి. డబ్బు కష్టం టూరింగ్ కార్లలోనూ ఉంది. చాలామంది డ్రైవర్లు సీటుతో పాటు స్పాన్సర్‌నీ తామే వెతుక్కోవాలి. జేక్ హిల్‌ని తీసుకోండి. 2013లో బీటీసీసీలో అడుగుపెట్టాడు. టయోటా, ఫోక్స్‌వాగన్, ఆడీ, హోండా, ఫోర్డ్, ఆఖరికి బీఎండబ్ల్యూ. అద్దె ఇళ్ళు మారినట్టు మారాడు. టైటిల్ ఎప్పుడొచ్చిందనుకున్నారు? 2024లో, అదీ బ్రాండ్స్ హ్యాచ్‌లో సీజన్ ఆఖరి రోజున. పదకొండేళ్ళు! మన ఇళ్ళలో ఏ తండ్రి ఆగుతాడు పదకొండేళ్ళు? ఇంటర్ రెండేళ్ళకే బీపీ తెచ్చుకుంటాం.

కానీ ఎఫ్ వన్ లెక్క కూడా చెప్పుకుందాం మరి. 2026లో క్యాడిలాక్ టీము చేరాక కూడా ప్రపంచం మొత్తానికి 22 సీట్లు. మన దేశం నుంచి ఇప్పటిదాకా వెళ్ళి రేసు చేసినవాళ్ళు ఇద్దరే, 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్. బెంగళూరు కుర్రాడు అర్జున్ మైనీ 2017లో జీపీ3 రేసు గెలిచాడు, 2018లో ఎఫ్ టూ దాకా, అంటే ఎఫ్ వన్‌కి సరిగ్గా కింది మెట్టు దాకా, వెళ్ళాడు. అక్కడ తలుపు తెరుచుకోలేదు. అతను ఇంటికొచ్చి వ్యాపారం పెట్టుకోలేదు. 2021లో జర్మనీ టూరింగ్ కార్ల పోటీ డీటీఎంలో దిగిన మొదటి భారతీయుడు అయ్యాడు. (పేరులో టూరింగ్ కార్లున్నా ఇప్పుడక్కడ నడిచేవి జీటీ3 కార్లు, అంటే రేసుకి మలిచిన స్పోర్ట్స్ కార్లు. ఆ గొడవ ఇంకో పోస్ట్‌కి.) మెర్సిడెస్ నడిపాడు, తర్వాత ఫోర్డ్ మస్టాంగ్. మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు ఈ పేరు? "ఎఫ్ వన్ రాలేదటగా పాపం" అనేవాళ్ళకి మాత్రం బాగా తెలుసు.

లాండో నోరిస్ కూడా 2014లో గినెట్టా జూనియర్ అనే తలుపుల కార్ల పోటీలో నడిపాడు. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలు, రోడ్డు మీద లైసెన్స్ రాకముందే, అందులో దిగుతారు. 2010లో అదే పోటీ గెలిచిన టామ్ ఇంగ్రామ్ 2022లోనూ, 2025లోనూ బీటీసీసీ ఛాంపియన్ అయ్యాడు. ఒకే వాకిట్లోంచి ఇద్దరూ బయల్దేరారు, చెరో వీధికి వెళ్ళారు. రెండో వీధికి వెళ్ళినవాణ్ణి చూసి దారి తప్పాడని ఇంగ్లండ్‌లో ఎవరూ అనరు. వర్షంలో టికెట్ కొనుక్కుని వచ్చి పేరు పెట్టి అరుస్తారు.

మా బావగారు 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగినప్పుడు కొడుకుని భుజాల మీద ఎత్తుకుని చూపించిన మనిషి. మరుసటి ఏడాది రేసు రద్దయితే కొడుకు కంటే ఎక్కువ ఆయనే బాధపడ్డారు. అంటే ప్రేమ లేక కాదు. ఆయన బుర్రలో రేసింగ్ అంటే ఎంసెట్ ర్యాంకు లాంటిది, ఒకటే కాలేజీ, ఒకటే సీటు.

నిన్న ఫ్యామిలీ గ్రూపులో సటన్ ఫోకస్ లోపలి కెమెరా వీడియో పెట్టాను. మేనల్లుడి దగ్గర్నుంచి పది నిమిషాల్లో మెసేజ్: "మావయ్యా, ఆ సీసం దిమ్మలు ఏ పక్క పెట్టేవాళ్ళు? లెఫ్ట్ టర్న్‌లో తేడా రాదా?" అక్క ఒక దండం పెట్టింది, దేనికో తెలీదు. బావగారు రాత్రి పదకొండింటికి ఒక్కటే లైను రాశారు.

"ఈ ఫోకస్ ఇండియాలో అమ్మరా?"

అమ్మరు బావగారూ. ఫోర్డ్ వాళ్ళు 2021లోనే ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని చెప్పేశారు.