‘ఒక్క సంతకం మేడమ్’ అట!

ఇల్లు మారాం. సామాను దింపేసి లారీ ఇందాకే వెళ్లింది. ఒళ్లు మండిపోతోంది. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపికున్నవాళ్లే చదవండి.

ఎక్కించేటప్పుడు ప్యాకర్స్ వాళ్లు రాసిన లిస్టు ప్రకారం పెట్టెలు 42. ఒక్కోదానికీ నంబరు స్టిక్కరు. అబ్బో, ఎంత పద్ధతో అని మురిసిపోయాను. దింపేటప్పుడు ఆ నంబర్లు చూసిన నాథుడేడి? ఇద్దరు ముందు గుమ్మంలోంచి, ఇద్దరు పెరటి గుమ్మంలోంచి మోసుకొస్తుంటే నేను ఎక్కడ నిలబడి టిక్కులు పెట్టాలి? నేనింకా సగంలో ఉండగానే సూపర్‌వైజర్ కాగితం, పెన్ను పట్టుకుని ప్రత్యక్షం. "ఒక్క సంతకం మేడమ్, బండికి లేటవుతోంది."

ఆ కాగితం ఎప్పుడైనా చదివారా? "వస్తువులన్నీ మంచి స్థితిలో అందాయి" అని ముందే అచ్చేసి ఉంటుంది. పెట్టె విప్పకముందే లోపలి గాజు గ్లాసుల యోగక్షేమాలు వాళ్లకు తెలిసిపోయాయన్నమాట! "ఆగండి, లెక్క చూసుకుని, దెబ్బతిన్నవి ఈ కాగితం మీదే రాసి అప్పుడు పెడతాను" అన్నాను. అంతే, వాళ్ల లారీని నేనే ఎత్తుకుపోతున్నట్టు చూశాడు.

అప్పుడు దిగారు మా ఆయన. "పొద్దుట్నుంచీ మోస్తున్నారు పాపం, పోనిద్దూ" అంటూ టకటకా సంతకం గీకేశారు. ‘డ్యామేజీ’ అన్న గడిలో అడ్డంగా ఓ గీత కూడా. స్కేలు పెట్టి గీసినట్టు ఎంత నీటుగా ఉందో!

లారీ సందు మలుపు తిరిగిందో లేదో, డైనింగ్ టేబుల్ కాలు చీలి ఉంది. టీవీ చూడ్డానికి నిగనిగలాడుతోంది, ఆన్ చేస్తే నిలువునా గీతలు. వాషింగ్ మెషిన్‌కి డ్రమ్ము ఊగకుండా వెనక బిగించే బోల్టులుంటాయి కదా, అవి కవర్లో పెట్టి మరీ వాళ్ల చేతికిచ్చాను. ఆ కవరు వేసిన ముడి విప్పకుండా అలాగే తిరిగొచ్చింది. మంచం నట్లు, బోల్టుల కవరు మాత్రం రాలేదు. 27వ పెట్టె అసలే లేదు. అందులో పిల్లల చిన్నప్పటి ఫోటో ఆల్బమ్‌లున్నాయి.

ఫోన్ చేస్తే మొదటి మాట: "సంతకం అయిపోయింది కదా మేడమ్?" రెండో మాట: "అది మీరే ప్యాక్ చేసుకున్న పెట్టె కదా?" సొంతంగా సర్దుకున్నదాంట్లో ఏది పగిలినా వాళ్లకు పూచీ లేదట. అయ్యా, నేను పగిలిందనలేదు, పెట్టే లేదంటున్నాను! పోనీ టీవీ వాళ్లు ప్యాక్ చేసిందే కదా అంటే, "అట్ట బాగానే ఉందిగా?" అట. అట్టలో సినిమాలు చూసుకోవాలి కాబోలు.

ఇన్సూరెన్స్ సంగతా? ఫారంలో ఏ వస్తువు ఎంత విలువో రాసిస్తేనే లెక్కలోకి వస్తుంది. టీవీ ఎదురుగా ఖాళీ. ఆ ఫారం ఎవరు నింపారో చెప్పాలా? రాయకపోతే కొన్నిచోట్ల బరువును బట్టి లెక్కగట్టి ఇస్తారు. అంటే అంత సన్నటి టీవీ పగలడం మన తప్పు, బరువైన బీరువా విరగ్గొట్టించుకోవాల్సింది.

విప్పాక బయటపడిన దెబ్బలకు సాధారణంగా కొద్ది రోజుల గడువుంటుంది. పెట్టె, అట్టలు, బబుల్ ర్యాప్ పారేయకుండా ఫోటోలు తీసి, రాతపూర్వకంగా పంపాలి. నేను ఫోన్‌లో అరుస్తుంటే ఈయన టీవీ పెట్టెని మడిచి చెత్తలో పడేసి వచ్చారు. ఇల్లు నీటుగా ఉండాలట.

పోయినసారి ఇల్లు మారినప్పుడూ ఇదే సంతకం. మా అమ్మ కుట్టుమిషన్ మూత వచ్చింది, మిషన్ రాలేదు. ఆ మూత ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఏడుస్తూ కూర్చుంటే "వస్తువే కదా, మనుషులం బాగున్నాం" అన్నారు అత్తయ్యగారు. అవును మరి. ఆవిడ గోడ గడియారం మీద వెంట్రుకవాసి గీత పడిందని ఈయన మూడు రోజులు వరసగా ఫోన్లు చేశారు కదా, అప్పుడీ మొహమాటం ఏ పెట్టెలో ప్యాక్ చేశారో! అమ్మ మిషన్‌కి ఒక్క ఫోన్ చేయలేదు. ఒక్కటి. అడిగితే "వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అన్నారు.

లెక్క అడిగితే అనుమానపు పక్షిని నేను. చదవకుండా సంతకాలు పెట్టేవారు మాత్రం చాలా మంచివారు, ఊరంతా ఒకటే మెచ్చుకోలు.

మంచం బిగించే దారి లేక పరుపు నేల మీదే వేశాం. ఆయన అప్పుడే గుర్రు. నేను పెట్టెలు మూడోసారి లెక్కపెడుతున్నాను. కాసేపు ఎవరూ ఫోన్ చేయకండి, లెక్క తప్పుతుంది.