ఎండకు గొడుగు పడితే మగతనం పోతుందా?

ఇవాళ మధ్యాహ్నం టోక్యోలో మా ఆఫీసు ఎదుట సిగ్నల్ దగ్గర నిలబడి ఉండగా, నిప్పులు చెరిగే ఎండకు తాళలేక మా టీములోని 26 ఏళ్ళ కుర్రవాడు సంచిలోంచి బూడిదరంగు గొడుగు తీసి విప్పుకున్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మా మేనేజరుగారు అది చూసి, "మగపిల్లలు ఇలా తయారయ్యారు కాబట్టే దేశంలో పిల్లలు పుట్టడం లేదు" అని అందరి ముందూ నవ్వారు. కుర్రవాడు "సుమిమాసెన్" (క్షమించండి) అని తల వంచాడే గాని గొడుగు ముడవలేదు. పక్కనే ఉండి నేను నోరు మెదపనందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

మగవాళ్ళూ ఎండకు గొడుగు పట్టండని 2019లో జపాన్ పర్యావరణ శాఖే ప్రచారం చేసింది. అయినా గొడుగు పట్టినా, మొహానికి క్రీము రాసుకున్నా, అమ్మాయిల వెంట పడకపోయినా ఇక్కడి పెద్దల నోట వచ్చే మాట ఒక్కటే: "సోషోకు దన్షి", అంటే శాకాహార మగవాళ్ళు. తిండికీ ఈ మాటకూ సంబంధం లేదు. జపనీస్‌లో కామాన్ని మాంసంతో ముడిపెట్టి చెబుతారు కనుక, ఆ యావ లేని అబ్బాయిలకు 2006లో మకి ఫుకసావా అనే రచయిత్రి ఆ పేరు పెట్టారు. ఆమె దాన్ని నిందగా వాడలేదు, నిందగా మార్చింది తరువాతి వాళ్ళే. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్‌లో మన తెలుగువాళ్ళు కలిసినప్పుడు సైతం "వీళ్ళలో పస లేదండీ" అనే మాట వినబడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఏ మగతనాన్ని ఈ కుర్రాళ్ళు వద్దంటున్నారో చూడండి. తెల్లారకుండా వెళ్ళి ఆఖరి రైలుకు ఇల్లు చేరి, ఆదివారమంతా పడి నిద్రపోయే తండ్రిని చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్ళు. అంత ఊడిగానికి బదులుగా ఆ తండ్రికి జీవితాంతం ఉద్యోగం ఉంటుందని కంపెనీ మాట ఇచ్చింది. 1990ల మొదట్లో ఆర్థిక బుడగ పగిలాక ఆ మాట గాలికి పోయింది. ఆ తరువాత పదేళ్ళకు పైగా చదువు ముగించుకుని వచ్చిన వాళ్ళను "ఉద్యోగాల మంచుయుగం" తరమని ఇప్పటికీ పిలుస్తారు. పనిభారంతో మనుషులు చచ్చిపోకుండా 2014లో ఏకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చిన దేశంలో, ఆ బతుకు మాకొద్దన్న కుర్రవాడిది పిరికితనమెలా అవుతుంది? తాత్కాలిక ఉద్యోగాలతో నెట్టుకొచ్చే వాడికి పెళ్ళి కుదరడమే గగనమైనప్పుడు, పిల్లలు పుట్టని పాపాన్ని వాడి గొడుగుకు అంటగట్టడం అన్యాయం.

పిల్లలను పెంచడానికి ముందుకొచ్చిన మగవాడినైనా ఈ పెద్దలు గౌరవిస్తారా అంటే అదీ లేదు. బిడ్డ పుట్టినప్పుడు సెలవు తీసుకున్న తండ్రులు 2012లో నూటికి ఇద్దరైనా లేరు, 2023 నాటికి 30 మంది అయ్యారు. ఈ మార్పు తేలికగా రాలేదు. నాలుగేళ్ళ క్రితం మా టీములోనే ఒకాయన అలాంటి సెలవు అడిగితే, "మరి మీ ఆవిడ ఏం చేస్తుంది?" అన్న ప్రశ్న ఎదురైంది. ఆ దరఖాస్తు రెండు నెలలు బల్ల మీదే పడి ఉంది, చివరికి ముద్ర పడేనాటికి బిడ్డ బోర్లా పడడం కూడా అయిపోయింది. ఆ ముద్ర వేయవలసిన మనిషి, ఇవాళ గొడుగును చూసి పిల్లలు పుట్టడం లేదని బాధపడిన మేనేజరుగారే.