గూగుల్ బటన్ పెట్టగానే లాగిన్ పని అయిపోదు

విశాఖలో ఇప్పుడు కోచింగ్ సెంటర్ నుంచి క్లినిక్ వరకు అందరికీ సొంత వెబ్ యాప్ కావాలి. మధురవాడ, రుషికొండ వైపున్న చిన్న ఐటీ సంస్థలకు పని ఇచ్చేటప్పుడే ‘గూగుల్‌తో లాగిన్’ బటన్ ఉండాలని అడుగుతున్నారు. మంచిదే. పాస్‌వర్డ్‌లు మన డేటాబేస్‌లో దాచే బరువు తప్పుతుంది. నా అభ్యంతరమల్లా, అలా వచ్చిన ఈమెయిల్‌నే ఖాతాకు గుర్తుగా పెట్టుకోవడం మీద.

ఈ బటన్ వెనుక ఉన్న ప్రమాణాల్లో, 2012లో వచ్చిన ఓఆత్ 2.0 అనుమతి ఇవ్వడానికి పుట్టింది. నా కాంటాక్టులు ఈ యాప్ చూడొచ్చు అని చెప్పడమే దాని పని. వచ్చినవాళ్లెవరో చెప్పే పద్ధతి 2014లో దాని మీదే కట్టిన ఓపెన్ఐడీ కనెక్ట్‌తో స్థిరపడింది. అందులో లాగిన్ అయినవాళ్ల వివరాలతో గూగుల్ డిజిటల్ సంతకం చేసి పంపే ఐడీ టోకెన్‌లో ‘సబ్’ అనే విలువ ఉంటుంది. అది ఆ గూగుల్ ఖాతాకు మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య. ఈమెయిల్ మారినా అది మారదు. ఖాతాను దానితోనే ముడిపెట్టమని గూగుల్ కూడా చెబుతుంది. టోకెన్ సంతకం, గడువు, అది మన యాప్ కోసమే ఇచ్చిందా అన్నవి సర్వర్‌లో సరిచూడాలి.

ఈమెయిల్‌ను నమ్ముకుంటే ఏమవుతుంది? ఒక క్లినిక్ యాప్‌లో ఎవరో మీ ఈమెయిల్ ఇచ్చి, తన పాస్‌వర్డ్‌తో ముందే ఖాతా తెరిచాడనుకుందాం. ఆ ఈమెయిల్ అతనిదేనా అని యాప్ సరిచూడలేదు. కొన్నాళ్లకు మీరు గూగుల్ బటన్ నొక్కి లోపలికి వస్తారు. ఈమెయిల్ ఒకటేనని యాప్ రెండింటినీ కలిపేస్తుంది. అతని పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఇక మీ స్కాన్ రిపోర్టులు అతనూ చూస్తాడు. ఇందులో గూగుల్ తప్పేమీ లేదు. తప్పంతా మన కోడ్‌ది. ఆఫీసు మెయిళ్లతోనూ ఇదే ప్రమాదం. ఉద్యోగి మానేశాక అదే అడ్రస్ మరొకరికి ఇస్తే, పాత ఖాతా కూడా వాళ్ల చేతికి వెళ్లిపోతుంది.

ఇంకో సంగతి మన ఇళ్లలోదే. కొత్త ఫోన్ కొంటే షాపులో కుర్రాడే కొత్త జీమెయిల్ తెరిచి ఇస్తాడు. పాత పాస్‌వర్డ్ పెద్దవాళ్లకు గుర్తుండదు. లాగిన్‌కు గూగుల్ ఒక్కటే దారైతే, వాళ్ల పాత రిపోర్టులూ రసీదులూ అందకుండా పోయినట్టే. ఎంత టెన్షన్! అందుకే రెండో దారి తప్పనిసరి అంటాను.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సేకరించిన డేటాకు తగిన భద్రత కల్పించాల్సింది యాప్ నడిపేవారే. ఆ బాధ్యతలో విఫలమై డేటా బయటికి పొక్కితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. లాగిన్ సంగతి గూగుల్ చూసుకుంటుంది అనే మాట అక్కడ చెల్లదు.

కొత్త యాప్‌లో దీనికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి యూజర్‌కూ మన సొంత ఐడీ ఇచ్చి, గూగుల్, ఫోన్ నంబర్ వంటి లాగిన్లన్నీ వేరే టేబుల్‌లో దానికి జోడిస్తే చాలు. ఇప్పటికే ఈమెయిల్ మీద నడుస్తున్న యాప్ అయితే, పాత యూజర్ ఈసారి వచ్చినప్పుడు ఓటీపీతో సరిచూసి ‘సబ్’ విలువ రాసుకోవాలి. అది పూర్తయిన ఖాతాల్లో ఈమెయిల్ చూసి కలిపే కోడ్‌ను తీసేయాలి.