తాగుబోతుకు సర్కారు జీతమట!

కాలనీ గ్రూపులో ఒకసారి, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఇంకోసారి, చివరికి మా మేనమామ నుంచి నేరుగా నాకే. మెసేజ్ మాత్రం ఒకటే. "మన ట్యాక్సులతో తాగుబోతులకు, పిచ్చోళ్లకు గ్రాంట్లు! నెలనెలా అకౌంట్లో డబ్బులు! ఫుట్‌పాత్ గాళ్లకు ఫ్రీ హోటళ్లు! పాతకాలంలో నాలుగు తగిలించి కట్టేస్తే అన్నీ కుదిరేవి. ఎంత చేసినా మళ్లీ తాగుతారు. ఈ ఎన్జీవోలన్నీ దొంగలు. నిజమైన భారతీయుడివైతే షేర్ చెయ్." మామయ్యకు ఫోన్ చేసి చెప్పబోతే "నీకు అన్నింట్లో తప్పులే కనిపిస్తాయిరా" అని పెట్టేశాడు. సరే, రాసే చెప్తా.

అకౌంట్లో డబ్బులట. ఎవరి అకౌంట్లో? కేంద్ర సామాజిక న్యాయ శాఖ మత్తు మాన్పించే కేంద్రాలకు ఇచ్చే గ్రాంటు సంస్థకు వెళ్తుంది, మనిషికి కాదు. మామూలుగా ఆమోదించిన ఖర్చులో 90 శాతం దాకా శాఖ ఇస్తే, మిగతాది సంస్థే తెచ్చుకోవాలి. దాంట్లోంచే డాక్టరు, నర్సు, కౌన్సెలర్ జీతాలు, మందులు, భోజనం, అద్దె. దానికి ముందు స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, తనిఖీ, రాష్ట్ర ప్రభుత్వ సిఫారసు, ఆ తర్వాత ఖర్చు చూపే యూటిలైజేషన్ సర్టిఫికెట్. చేరిన మనిషికి అందేది మాత్రలూ, అన్నమూ. దాన్ని జీతం అనేట్టయితే పెద్దాసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటున్న వాళ్లందరూ గవర్నమెంటు ఉద్యోగులే.

ఇక మన ట్యాక్సులు. 2021-22 కేంద్ర బడ్జెట్లో ఆరోగ్య శాఖ మానసిక ఆరోగ్యానికి నేరుగా చూపించింది 597 కోట్లు. అందులో 500 కోట్లు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌కు, 57 కోట్లు అస్సాంలోని తేజ్‌పూర్‌లో ఉన్న అలాంటి సంస్థకే. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మిగిలింది 40 కోట్లు. జిల్లాల్లో నడిచే కార్యక్రమం పద్దు వేరే ఉంది, దాచడం లేదు. ఇప్పుడు ఇంకో లెక్క. 2023లో తెలంగాణలో 2,620 మద్యం షాపుల లాటరీకి దరఖాస్తు ఫీజుల కిందే ప్రభుత్వానికి వచ్చింది దాదాపు 2,639 కోట్లు. ఒక్క క్వార్టర్ సీసా అమ్మకముందే! తాగేవాడు మన మీద బతుకుతున్నాడో, మనం తాగేవాడి మీద బతుకుతున్నామో మామయ్య ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. ఎయిమ్స్ వాళ్లు చేసి 2019లో బయటపెట్టిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికే. మన ట్యాక్సులు మింగేస్తున్నది ఆ ఒక్కడేనన్నమాట.

ఫ్రీ హోటళ్ల సంగతి. పట్టణ నిరాశ్రయుల షెల్టర్ల నిబంధనల్లో మనిషికి 50 చదరపు అడుగులు. అంటే పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. అందులో పడుకునేవాళ్లలో అడ్డా కూలీలుంటారు, కొడుకులు గెంటేసిన ముసలివాళ్లుంటారు, ఆసుపత్రిలో పిల్లను చేర్చి రూము అద్దె కట్టలేని తల్లులుంటారు. ఆ హోటల్లో ఒక రాత్రి ఉండి రేటింగ్ ఇవ్వండి.

"నాలుగు తగిలించి కట్టేస్తే" అన్నదాన్ని మాత్రం నవ్వి వదలలేను. మిగతా మాటలు గ్రూపుల్లోనే తిరుగుతాయి, ఇది చదివి చేసేవాళ్లుంటారు. కట్టేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో తేలింది. దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి వదిలిన మానసిక రోగుల్ని ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచారు. తెల్లవారుజామున పాకలు అంటుకుంటే గొలుసులు విడవలేదు. 28 మంది చనిపోయారు. పాతకాలం అంటే అదే. 2017 మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధించింది. ఫార్వర్డ్ రాసిన మహానుభావుడు చట్టం చదవలేదు సరే, పేపర్ కూడా చదవడా?

కొట్టి, గదిలో పెట్టి తాగుడు మాన్పించడం ఇంకా ప్రమాదం. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, లేని మనుషులు కనిపిస్తారు, కొందరికి ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. అందుకే డాక్టరు మందులిచ్చి దగ్గరుండి ఆపిస్తాడు. మర్చిపోయారేమో, 2020 లాక్‌డౌన్ మొదలై వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు మూతపడగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తారు. అందులో కల్తీ కల్లు బాధితులు చాలామంది. ఆ కల్లులో కలిపేవి డైజిపామ్, ఆల్‌ప్రాజొలమ్ లాంటి మత్తుమందులు. అవి హఠాత్తుగా ఆగినా ఇదే పరిస్థితి. అప్పుడు వాళ్లను ఎవరూ కొట్టలేదనా జబ్బు చేసింది? నాలుగు తగిలిస్తే ఫిట్స్ ఆగేవా? మామయ్యా, నీకు బీపీ వస్తే బెల్టు తీయమంటావా?

మళ్లీ తాగుతారు అన్నది నిజం. చాలామంది తాగుతారు. చికిత్సలో అదీ ఒక భాగమే కాబట్టి డిశ్చార్జ్ అయ్యాక కూడా ఫాలోఅప్ ఉండాలి, దానికి మనుషులు కావాలి, ఆ మనుషులకు జీతాలు కావాలి. ఆ జీతాలిచ్చేదాన్నే గ్రాంటు అంటారు.

ఇక ఎన్జీవోలు. "అన్నీ" అన్న మాట తీసేయండి, నేను మీ పక్షమే. బోర్డు ఒక ఊళ్లో, మంచాలు కాగితం మీద ఉండే సెంటర్లు ఉన్నాయని ఈ రంగంలో పనిచేసేవాళ్లే చెప్తారు. పైగా మా బంధువొకరిని చేర్చిన సెంటర్లో ఇంటివాళ్లను కలవనివ్వలేదు. తిరిగొచ్చాక వీపు మీద వాతలు చూశాం. అది గ్రాంటు తీసుకునేది కాదు, మేమే నెలకింతని ఫీజు కట్టిన ప్రైవేటు సెంటర్. అంటే ఫార్వర్డ్ కోరుకున్న వైద్యం మార్కెట్లో ఆల్రెడీ దొరుకుతోంది, రసీదుతో సహా.

కాబట్టి ఆడిట్ అడగండి. ఏ జిల్లాలో ఏ సెంటర్‌కు ఎంత గ్రాంటు, ఎన్ని మంచాలు, డాక్టరు ఏ రోజుల్లో వస్తాడు, ఇవన్నీ గేటు మీద పెద్ద అక్షరాలతో రాయించమనండి. ప్రైవేటు సెంటర్లనూ తనిఖీ చేయమనండి. మామయ్యా, ఆ మెసేజ్ నువ్వు రాస్తే అన్ని గ్రూపుల్లో నేనే పెడతా. ఈలోగా ఎవరింట్లోనైనా అవసరముంటే మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు విషయానికి 14446. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.