నాగిరెడ్డిగారి సినిమాలు గుర్తున్నాయి, ఆయన పని కూడా గుర్తుండాలి

మన ప్రవాస తెలుగు సంఘాల వార్షికోత్సవాల్లో ‘మాయాబజార్’ ప్రస్తావన రాని సంవత్సరం ఉండదు. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, రంగారావు, ఘంటసాల గార్ల పేర్లు పిల్లలకు కూడా చెబుతాము. దర్శకుడు కె.వి. రెడ్డిగారి పేరు తెలిసినవారు కొంత తక్కువ. ఆ చిత్రాన్ని తీసిన విజయా సంస్థ అధిపతి బొమ్మిరెడ్డి నాగిరెడ్డిగారు కడప జిల్లా పొట్టింపాడులో పుట్టారన్న సంగతి కడప నుంచి వచ్చిన కుటుంబాల్లోనే చాలామందికి తెలియదు. నటుడిని, గాయకుడిని, కవిని గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా నిర్మాతను గుర్తుపెట్టుకోకపోవడం వల్ల మన రాయలసీమవారు తెలుగు సినిమాకు చేసిన అసలైన మేలు చరిత్రలోంచి జారిపోతున్నదని నా గట్టి అభిప్రాయం. వారు ఇచ్చింది కొన్ని మంచి చిత్రాలు మాత్రమే కాదు. ఆ చిత్రాలు వరుసగా, నాణ్యత తగ్గకుండా వచ్చేందుకు అవసరమైన సంస్థను కట్టి ఇచ్చారు.

నాగిరెడ్డిగారు 1912 డిసెంబరు 2న జన్మించారు. ఆయన అన్నగారు, 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డిగారు, తెలుగు సినిమాకు గౌరవం తెచ్చిన తొలితరం దర్శకుల్లో ఒకరు. ఉల్లిగడ్డలను బర్మాకు ఎగుమతి చేసే వ్యాపారం వారి కుటుంబాన్ని మద్రాసుకు చేర్చింది. నాగిరెడ్డిగారు సినిమాకు ముందు అచ్చు పనిలో ఆరితేరారు. బి.ఎన్.కె. ప్రెస్సును నడిపి, 1945లో ‘ఆంధ్రజ్యోతి’ మాసపత్రికను, 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించారు. ఆయన నిర్మాణ పద్ధతిని అర్థం చేసుకోవాలంటే ఈ ప్రెస్సు దగ్గరే మొదలుపెట్టాలి. నెలనెలా పత్రిక తేవాలంటే కాగితం ముందే సమకూరాలి, రచయిత, చిత్రకారుడు, కంపోజిటరు ఎవరి పని వారు వేళకు ముగించాలి, అచ్చయిన ప్రతులు ఊరూరా ఉన్న ఏజెంట్లకు చేరాలి. ఎవరో ఒకరి ప్రతిభ మీద, ఆ నెల వారి మనఃస్థితి మీద ఆధారపడితే పత్రిక ఆగిపోతుంది. ఈ క్రమశిక్షణనే ఆయన తరువాత తాను నిర్వహించిన సినిమా స్టూడియోలోకి తీసుకువచ్చారు.

స్టూడియోకు పునాది వేసినవారు కూడా ఎక్కువగా సీమవారే. బి.ఎన్. రెడ్డిగారు మిత్రులతో కలిసి వాహినీ సంస్థను స్థాపించినప్పుడు పెట్టుబడితో అండగా నిలిచిన మూలా నారాయణస్వామిగారిది అనంతపురం జిల్లా తాడిపత్రి. అదే తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డిగారు తొలుత డబ్బు లెక్కలు చూసే ఉద్యోగంలో చేరి, ఆ తరువాత ‘భక్త పోతన’తో దర్శకులయ్యారు, 1947లో ‘యోగి వేమన’ తీశారు. పైసా పైసా లెక్క తెలిసిన మనిషి దర్శకుడైతే ఖర్చు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుందనడానికి ఆయన చిత్రాలే నిదర్శనం.

వాహినీ వారు కట్టిన స్టూడియోను నిర్వహించే బాధ్యత ఆ తరువాత నాగిరెడ్డిగారి చేతికి వచ్చింది. తెనాలి నుంచి వచ్చిన రచయిత చక్రపాణిగారితో కలిసి ఆయన ప్రారంభించిన విజయా సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’ 1950లో విడుదలయింది. మరుసటి ఏడు ‘పాతాళభైరవి’, తరువాత ‘పెళ్ళిచేసి చూడు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘జగదేకవీరుని కథ’, ‘గుండమ్మ కథ’ వచ్చాయి. ఈ వరుస అందరికీ తెలిసినదే. దీని వెనుక ఉన్న ఏర్పాటు గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాము. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే, కళా దర్శకులు గోఖలే, కళాధర్, రచయిత పింగళి నాగేంద్రరావు వంటివారు ఒక చిత్రం అయిపోగానే చెదిరిపోకుండా మరొక చిత్రానికి కలిసి పనిచేసేవారు. సాంకేతిక నిపుణులకే కాక నటులకు కూడా నెల జీతం ఇచ్చే పద్ధతి ఉండేది. అప్పుడప్పుడే పైకి వస్తున్న రామారావుగారు ఆ పద్ధతిలోనే విజయాలో పనిచేశారు. స్టూడియో ఫ్లోర్లను ఇతర భాషల నిర్మాతలకు కూడా అద్దెకు ఇచ్చేవారు కాబట్టి సొంత చిత్రం ఆడకపోయినా జీతాలకు ఇబ్బంది ఉండేది కాదు. ఒకే సెట్టు మీద ఒకే కాలంలో తెలుగు, తమిళ చిత్రాలు రెండూ తీయడం వల్ల ఖర్చు రెండు మార్కెట్లకు పంచబడేది. ‘మిస్సమ్మ’లో రామారావుగారి పాత్రను, ‘మాయాబజార్’లో నాగేశ్వరరావుగారి పాత్రను తమిళంలో జెమినీ గణేశన్ ధరించగా, సావిత్రిగారు రెండు భాషల్లోనూ నటించారు. ఆ సెట్లలోని వైభవాన్ని చూసి ఆశ్చర్యపడే మనం, అంత ఖర్చు ఎలా గిట్టిందని ఒక్కసారైనా అడగాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది మరొక విషయం. 1954లో విజయా వారు ఎంతో ఆశతో తీసిన ‘చంద్రహారం’ ప్రేక్షకులకు నచ్చలేదు. దానికి దర్శకుడు కమలాకర కామేశ్వరరావుగారు. ఒక పరాజయంతో దర్శకుడిని పక్కన పెట్టడం అన్ని కాలాల్లోనూ పరిశ్రమలో సర్వసాధారణం. అదే సంస్థ 1962లో, రామారావు, నాగేశ్వరరావు గార్లు ఇద్దరూ కలిసి నటించే ‘గుండమ్మ కథ’ను అదే కామేశ్వరరావుగారికి అప్పగించింది. మనిషి సామర్థ్యాన్ని ఒక చిత్రం వసూళ్లతో కొలవకూడదన్న నమ్మకం, ఆ నమ్మకాన్ని సొంత డబ్బు మీద నిలబెట్టే ధైర్యం నిర్మాతకు ఉన్నప్పుడే ఇది జరుగుతుంది. నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడేగా అనే మిత్రులకు నేను ఈ ఉదాహరణనే చూపిస్తాను.

ఆయనను దోషరహితుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ‘మిస్సమ్మ’ చిత్రీకరణ కొంత జరిగాక భానుమతిగారితో అభిప్రాయభేదం వచ్చి, ఆమె స్థానంలో సావిత్రిగారిని తీసుకున్నారు. సంస్థ నియమాలను అంత పట్టుదలగా పాటించడం స్వతంత్ర స్వభావం గల కళాకారులకు కష్టంగానే ఉండి ఉంటుంది. నెల జీతం భద్రత ఇచ్చినట్టే కొంత కట్టుబాటు కూడా తెచ్చిపెడుతుంది. అన్నగారు బి.ఎన్. రెడ్డిగారి మార్గం వేరు. ‘మల్లీశ్వరి’ని ఆయన కాలాన్ని, ఖర్చును లెక్కచేయకుండా తన మనసుకు నచ్చేవరకు చెక్కారు. ఒకే ఇంట పుట్టిన ఈ ఇద్దరి పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం మన విద్యార్థులకు ఉండాలి. అన్నగారికి 1974 సంవత్సరానికి, తమ్ముడికి 1986 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది. ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరికీ ఈ గౌరవం దక్కినా, దాన్ని తమ జిల్లా గౌరవంగా చెప్పుకునే కడపవారు నాకు అరుదుగా కనిపిస్తారు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోక తప్పదు. కొన్ని దశాబ్దాలుగా తెలుగు తెర మీద రాయలసీమ అంటే బాంబులు, వేటకొడవళ్లు, తెల్ల పంచెలు కట్టిన పగలు. ఇంటిల్లిపాదీ కలిసి చూడదగిన చిత్రాలకు ప్రమాణం నెలకొల్పిన సంస్థను కడప, తాడిపత్రి మనుషులు నిలబెట్టారని తెలియని పిల్లలు, తమ తాతల ఊరిని ఆ ఫ్యాక్షన్ చిత్రాల ద్వారానే ఊహించుకుంటున్నారు. ప్రవాసంలో పెరుగుతున్న పిల్లల విషయంలో ఈ నష్టం మరింత ఎక్కువ.

ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన విజయా వాహినీ స్టూడియో ఈరోజు లేదు. చెన్నై వడపళనిలోని ఆ స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది, నాగిరెడ్డిగారు 1972లో ప్రారంభించిన విజయా హాస్పిటల్ ఉంది. ఆయన 2004 ఫిబ్రవరిలో కన్నుమూశారు. భవనాలు నిలవకపోవడం సహజమే కానీ కాగితాలను కూడా పోగొట్టుకోవలసిన అవసరం లేదు. పాటల పుస్తకాలు, వాల్ పోస్టర్లు, ఒప్పంద పత్రాలు, జీతాల పట్టికలు, ఉత్తరాలు, సెట్ల నమూనా చిత్రాలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉండి ఉంటాయి. ఆ స్టూడియోలో పనిచేసినవారిలో ఇప్పటికి మిగిలినవారు వృద్ధాప్యంలో ఉన్నారు.

కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్న ఆ కేంద్రానికి గ్రంథాలయం ఉంది, పాత ప్రతులను భద్రపరచడంలో అనుభవం ఉంది. అక్కడ సీమ సినీ నిర్మాతల పత్రాలకు ఒక విభాగం ఏర్పాటు చేయించేందుకు మన సంఘం ముందుకు రావాలి. విగ్రహం కోసమో, ఒకరోజు సభ కోసమో చందాలు వసూలు చేయడం కంటే, ఒక పరిశోధక విద్యార్థికి రెండేళ్ల ఉపకారవేతనం, పత్రాలను స్కాన్ చేసే యంత్రం, వృద్ధ కళాకారుల జ్ఞాపకాలను రికార్డు చేసేందుకు చెన్నైకి ప్రయాణ ఖర్చులు సమకూర్చడం ఎక్కువ ఉపయోగకరమని నేను భావిస్తున్నాను. మొదటి విడతలో వాహినీ, విజయా సంస్థలకే పరిమితమై, తాడిపత్రి, పులివెందుల ప్రాంతాల్లోని కుటుంబాల నుంచి లభించే వాటిని సేకరించవచ్చు. పత్రాలు ఇవ్వడానికి ఇష్టపడని కుటుంబాల వద్ద నకళ్లు తీసుకుని అసలు ప్రతులను వారికే తిరిగి అప్పగించాలి. ఈ ప్రతిపాదనను వచ్చే కార్యవర్గ సమావేశంలో చర్చకు చేర్చవలసిందిగా కోరుతున్నాను. తమ ఇళ్లలో ఇటువంటి కాగితాలు ఉన్న సభ్యులు వాటిని పారవేయకుండా ఉంచి, సంఘం కార్యాలయానికి తెలియజేయవలసిందిగా మనవి.